చేత్తో చేసిన వస్తువులను దానమిస్తే పన్ను మినహాయింపు ఎంత? అమెరికాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డల కోసం ఊలు టోపీలు అల్లి ఆసుపత్రులకు ఇచ్చేవారు, ఇల్లులేని వారి వసతి గృహాలకు బొంతలు కుట్టి పంపేవారు, గుడి నిధికోసం జరిగే వేలానికి తాము వేసిన కలంకారీ బొమ్మలను ఇచ్చేవారు అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. పన్ను రిటర్ను వేసే రోజులు రాగానే, ఈ దానానికి మినహాయింపు ఉంటుందా, ఉంటే ఎంత, దేనితో రుజువు చేయాలి అన్న సందేహాలు వారిని పట్టుకుంటాయి. కింది జవాబులు ప్రధానంగా అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్నుకు సంబంధించినవి. భారతదేశంలోను, బ్రిటన్‌లోను ఉన్నవారి ప్రశ్నలకు చివర్లో జవాబులున్నాయి.

నేను కుట్టిన బొంత బయట 450 డాలర్లకు అమ్ముడుపోతుంది. దానమిస్తే ఆ 450 డాలర్లనూ ఆదాయంలోంచి తగ్గించి చూపవచ్చా?

చూపకూడదు. స్వయంగా తయారుచేసిన వస్తువును దానమిచ్చినప్పుడు, దాని తయారీకి మీరు చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఆ వస్తువు మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే మినహాయింపు లభిస్తుంది. ఉదాహరణకు బొంత పైగుడ్డకు 62 డాలర్లు, లోపలి దూదిపొరకు 28 డాలర్లు, దారానికి 9 డాలర్లు పెట్టారనుకుందాం. మీ మినహాయింపు 99 డాలర్లు. మీరు 22 శాతం పన్ను శ్రేణిలో ఉంటే దానివల్ల మిగిలే పన్ను సుమారు 22 డాలర్లు. మినహాయింపు అంటే పన్నులో తగ్గింపు కాదని, పన్ను పడే ఆదాయంలో తగ్గింపు అని గుర్తుంచుకుంటే ఈ లెక్క తికమక పెట్టదు.

నలభై గంటలు కూర్చుని కుట్టాను. నా శ్రమకు విలువ లేదా?

శ్రమకు విలువ ఉంది, కానీ పన్ను చట్టం దాన్ని దానంగా లెక్కించదు. స్వచ్ఛందంగా చేసిన సేవకు, వెచ్చించిన కాలానికి, ఆ సమయంలో వేరే పని చేసి ఉంటే వచ్చేదనుకున్న జీతానికి మినహాయింపు లేదని నియమాలు స్పష్టంగా చెబుతాయి. ఒక న్యాయవాది ఉచితంగా వాదించినా, ఒక వైద్యుడు ఉచిత శిబిరంలో కూర్చున్నా ఇదే నియమం. దీని వెనక ఉన్న తర్కం అర్థం చేసుకోదగినదే: ఆ నలభై గంటలకు మీకు కూలి రాలేదు కనుక దానిపై మీరు ఆదాయపు పన్ను కట్టలేదు. పన్ను కట్టని మొత్తాన్ని ఆదాయంలోంచి మళ్లీ తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు.

అయితే వస్తువు కొని దాచుకున్న వ్యక్తి దానమిస్తే మార్కెట్ విలువ దక్కుతుందని విన్నాను. చేసినవారికి ఒక న్యాయం, కొన్నవారికి ఒక న్యాయమా?

మీరు విన్నది చాలావరకు నిజం. ఒకరు మీ చిత్రాన్ని కొని, ఏడాదికి మించి తమ వద్ద ఉంచుకుని, దాన్ని తన ప్రదర్శనలకు వాడుకునే మ్యూజియానికి దానమిస్తే, సాధారణంగా ఆనాటి మార్కెట్ విలువను మినహాయింపుగా చూపగలరు. అదే చిత్రాన్ని అదే మ్యూజియానికి మీరు ఇస్తే రంగుల ఖర్చు, గుడ్డ ఖర్చు మాత్రమే చూపగలరు. ఆదాయపు పన్ను కోడ్‌లోని 1221వ సెక్షన్ ఒక వ్యక్తి తన చేతులతో సృష్టించిన కళాకృతిని మూలధన ఆస్తిగా గుర్తించదు. అమ్మితే వచ్చే లాభం మామూలు ఆదాయమే అవుతుంది. అటువంటి వస్తువును దానమిచ్చినప్పుడు ఆ లాభం భాగాన్ని విలువలోంచి తీసివేయాలని 170వ సెక్షన్ చెబుతుంది. తీసివేయగా మిగిలేది ముడిసరుకు ఖర్చే.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1969కి ముందు చిత్రకారులు, రచయితలు తమ కృతులను, రాతప్రతులను మ్యూజియాలకు, గ్రంథాలయాలకు ఇచ్చి పూర్తి మార్కెట్ విలువను తగ్గించుకునేవారు. ఆ ఏడాది వచ్చిన పన్ను సంస్కరణల చట్టం ఆ దారిని మూసివేసింది. రాజకీయ నాయకుల కాగితాలకు కూడా అదే నియమం వర్తించింది. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తన పాత కాగితాలను నేషనల్ ఆర్కైవ్స్‌కు ఇచ్చినట్టు చూపి 5,76,000 డాలర్ల మినహాయింపు కోరగా, దానపత్రానికి గడువులోపలిదిగా కనిపించేలా వెనక తేదీ వేశారని బయటపడి, 1974లో ఆ మినహాయింపు రద్దయింది. కళాకారులకు మార్కెట్ విలువను తిరిగి అనుమతించాలని సెనేటర్ పాట్రిక్ లేహీ పలుమార్లు బిల్లు ప్రవేశపెట్టారు గాని అది చట్టం కాలేదు. వస్తువుకు ప్రాణం పోసిన చేతికంటే దాన్ని కొన్న చేతికి ఎక్కువ మినహాయింపు ఇవ్వడం సరికాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయినా రిటర్నులో రాయవలసింది నేడు అమలులో ఉన్న నియమం ప్రకారమే.

ముడిసరుకు ఖర్చులో ఏమేమి చేర్చవచ్చు?

ఆ వస్తువులోకి నిజంగా వెళ్లినదాన్నంతా చేర్చవచ్చు: గుడ్డ, ఊలు, దారం, గుండీలు, పూసలు, అద్దాలు, రంగులు, చట్రం. వాటిని కొన్నప్పుడు కట్టిన అమ్మకపు పన్ను, తెప్పించుకోవడానికి అయిన రవాణా ఖర్చు కూడా కొన్న ధరలో భాగమే. చాలామంది బిల్లు మీద పై అంకె మాత్రమే రాసుకుని ఈ రెండింటినీ వదిలేస్తారు.

ఒక ఉండలో కొంత మాత్రమే వాడితే ఆ మేరకే లెక్కించాలి. వంద గ్రాముల ఊలు ఉండ 8 డాలర్లు అనుకుంటే, అల్లిన టోపీని వంటింటి త్రాసులో తూచినప్పుడు 65 గ్రాములు వస్తే ఖర్చు 5 డాలర్ల 20 సెంట్లు. తూకంతో వేసిన లెక్కను ఎవరు అడిగినా చూపించవచ్చు. గుడ్డకైతే గజాల కొలత రాసుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో సెలవులకు వెళ్లినప్పుడు కొన్న గుడ్డ అయితే, కొన్న రోజు మారకం రేటు ప్రకారం రూపాయలను డాలర్లలోకి మార్చి, దుకాణం బిల్లుతో పాటు ఆ రేటు కూడా రాసి ఉంచండి.

చేర్చకూడనివి కూడా ఉన్నాయి. కుట్టుమిషను ధర, దాని అరుగుదల, మరమ్మతు, పనిచేసిన గది అద్దె, ఇంటి కరెంటు బిల్లు ఇందులోకి రావు. ఎవరో ఊరికే ఇచ్చిన ఊలుకు మీరు డబ్బు పెట్టి ఉండరు. అయినా చట్టం దృష్టిలో ఇచ్చినవారు పెట్టిన ధరే మీ ధర అవుతుంది, కానీ దాన్ని రుజువు చేసే కాగితం మీ దగ్గర లేకపోతే దాన్ని సున్నాగా భావించడమే క్షేమం.

పాత చీరలతో బొంత కుట్టాను. చీరలు కొన్న ధర చూపవచ్చా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పదేళ్లు కట్టి మెత్తబడిన నూలు చీరలు నాలుగు కలిపి కుట్టిన బొంత ఒంటికి ఎంతో హాయిగా ఉంటుంది, కానీ ఆ నాలుగు చీరలకు ఒకప్పుడు పెట్టిన ధర మొత్తం దాని మార్కెట్ విలువను మించిపోవచ్చు. అప్పుడు తక్కువదైన మార్కెట్ విలువే మీ మినహాయింపు. ఖరీదైన మెరీనో ఊలుతో అల్లిన చిన్న టోపీకి కూడా ఇది వర్తిస్తుంది: ఊలుకు 24 డాలర్లు పెట్టినా అటువంటి టోపీ బయట 15 డాలర్లకే దొరికితే 15 డాలర్లే చూపాలి. దుస్తులు, ఇంటి వాడుక వస్తువులు వాడినవైనా మంచి స్థితిలో ఉండాలని 2006 నుంచి చట్టం అడుగుతోంది. చిరుగులు, మరకలు ఉన్నవాటికి మినహాయింపు ఉండదు.

నేను స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపకుండా ఒకే మొత్తంగా దొరికే మినహాయింపు) తీసుకుంటాను. నాకు దీనివల్ల ఏమైనా లాభం ఉందా?

లేదు. ఈ ప్రశ్నను అందరూ అన్నిటికంటే ముందు వేసుకోవాలి. వస్తు రూపంలో ఇచ్చిన దానం షెడ్యూల్ ఏ నింపేవారికే, అంటే మినహాయింపులను విడివిడిగా చూపేవారికే పనికొస్తుంది. 2025 పన్ను సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ ఒంటరి వ్యక్తికి 15,750 డాలర్లు, కలిసి రిటర్ను వేసే దంపతులకు 31,500 డాలర్లు. 2026కు అవి వరుసగా 16,100, 32,200 డాలర్లు. ఇంటి రుణంపై వడ్డీ, రాష్ట్ర పన్నులు, విరాళాలు అన్నీ కలిపి ఈ అంకెను దాటితేనే బొంత ఖర్చు రాయడంలో అర్థం ఉంటుంది.

2025 జూలై 4న సంతకమైన చట్టం 2026 నుంచి రెండు మార్పులు తెచ్చింది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారు కూడా విరాళాల కింద అదనంగా 1,000 డాలర్లు, దంపతులైతే 2,000 డాలర్లు తగ్గించుకోవచ్చు. కానీ అది డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, చేత్తో చేసిన వస్తువుకు కాదు. రెండవది, షెడ్యూల్ ఏ నింపేవారికి ఆదాయంలో అర శాతం దాటిన విరాళమే లెక్కలోకి వస్తుంది. సవరించిన స్థూల ఆదాయం 1,20,000 డాలర్లు ఉన్న కుటుంబం ఏడాదిలో ఇచ్చిన మొత్తం దానంలో మొదటి 600 డాలర్లకు మినహాయింపు పొందలేదు. ఏడాదికి రెండు బొంతలు తప్ప వేరే దానం చేయనివారికి ఈ ఒక్క నియమంతోనే మినహాయింపు మాయమవుతుంది.

ఎవరికి ఇస్తే చెల్లుతుంది?

అర్హత ఉన్న సంస్థకు ఇవ్వాలి, వ్యక్తికి కాదు. పొరుగింటి పసిబిడ్డకు ఇచ్చిన స్వెటరు, అగ్నిప్రమాదంలో ఇల్లు పోగొట్టుకున్న స్నేహితుడికి నేరుగా ఇచ్చిన దుప్పటి ఎంత గొప్ప సాయమైనా మినహాయింపుకు అర్హం కాదు. పన్ను కోడ్‌లోని 501(సి)(3) సెక్షన్ కింద గుర్తింపు ఉన్న ధర్మసంస్థలు, గుళ్లు, చర్చిలు, మసీదులు, ప్రజా ప్రయోజనం కోసమే తీసుకునే ప్రభుత్వ విభాగాలు ఈ కోవలోకి వస్తాయి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో సంస్థ పేరుతో వెతికి చూడవచ్చు. ప్రార్థనా మందిరాలు ఆ జాబితాలో లేకపోయినా అర్హత కలిగి ఉండవచ్చు.

తెలుగు సంఘాల విషయంలో ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అనేక సంఘాలకు 501(సి)(3) గుర్తింపు ఉంది, కానీ సభ్యుల వినోదం కోసం నడిచే క్లబ్బులు 501(సి)(7) కింద నమోదై ఉంటాయి. వాటికి ఇచ్చినదానికి దాతకు మినహాయింపు లేదు. పండుగ వేదిక మీద వస్తువు అందజేసే ముందే కోశాధికారిని అడగడం మంచిది. అలాగే అల్లికల బృందం ఒకటి అందరి టోపీలను పోగుచేసి ఆసుపత్రికి చేరవేస్తే, ఆ బృందానికి సొంతంగా గుర్తింపు లేనప్పుడు ఆసుపత్రి రసీదు మీ పేరున ఉండేలా చూసుకోవాలి. లాభం కోసం నడిచే ఆసుపత్రికి ఇచ్చినది దానంగా చెల్లదు.

మా ఊరి బడికి నేరుగా స్వెటర్లు పంపితే?

అమెరికా పన్నులో మినహాయింపు ఉండదు. సాధారణంగా విదేశీ సంస్థలకు నేరుగా ఇచ్చిన దానం చెల్లదు. అమెరికాలో నమోదైన ధర్మసంస్థకు ఇచ్చి, ఆ వస్తువులను ఎక్కడ ఎలా పంచాలన్న నిర్ణయం పూర్తిగా ఆ సంస్థదే అయినప్పుడు చెల్లుతుంది. మీరు చెప్పిన బడికే చేరవేసే కొరియరుగా మాత్రమే సంస్థ పనిచేస్తే చెల్లదు.

ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

సంస్థ పేరు, ఇచ్చిన తేదీ, చోటు, వస్తువు వర్ణన ఉన్న రసీదు ఉండాలి. మనుషులు లేని సేకరణ పెట్టెలో వేసినప్పుడు రసీదు తీసుకోవడం సాధ్యం కాదు కనుక, విలువ 250 డాలర్లలోపు అయితే మీరే అప్పటికప్పుడు రాసుకున్న వివరం సరిపోతుంది. ఒక దానం 250 డాలర్లు, అంతకుమించి అయితే సంస్థ నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ తప్పనిసరి. దానికి బదులుగా మీకు ఏమైనా ఇచ్చారా లేదా అన్నది, ఇస్తే దాని అంచనా విలువ అందులో ఉండి తీరాలి. రిటర్ను వేసే రోజుకు లేదా పొడిగింపుతో కలిపి గడువు తేదీకి, ఏది ముందైతే దానిలోపు అది మీ చేతిలో ఉండాలి. తరువాత తెచ్చుకున్న ఉత్తరం ఎంత నిజమైనదైనా పనికిరాదు. బదులుగా ఏమైనా ఇచ్చారా లేదా అన్న ఆ ఒక్క వాక్యం లేనందువల్ల, ఆ తేదీ దాటినందువల్ల నిజాయితీగా ఇచ్చిన దానాలు కూడా మినహాయింపు కోల్పోతాయి కాబట్టి ఇక్కడ బద్ధకించవద్దు.

ధ్రువీకరణలో వస్తువు విలువ రాయవలసిన బాధ్యత సంస్థది కాదు. ఆ లెక్క మీరే వేసుకోవాలి. ఏడాది మొత్తంలో వస్తు దానాలకు చూపే మినహాయింపు 500 డాలర్లు దాటితే ఫారం 8283 జతచేయాలి, అందులో వస్తువు మీకు ఎలా, ఎప్పుడు వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నవి అడుగుతారు. ఒకే రకం వస్తువులకు చూపే మొత్తం 5,000 డాలర్లు దాటితే అర్హుడైన మదింపుదారు నివేదిక కావాలి. ముడిసరుకు ఖర్చు మాత్రమే చూపే మనకు అంతవరకు రావడం అరుదు.

మీరు ఒక మామూలు నోటుపుస్తకం పెట్టుకోవచ్చు. ఒక్కో వస్తువుకు ఒక పేజీ, అందులో సరుకు బిల్లులు అంటించి, తూకం రాసి, పూర్తయిన వస్తువు ఫొటో, సంస్థ రసీదు చేర్చితే చాలు. రిటర్ను వేసినప్పటి నుంచి కనీసం మూడేళ్లు దాన్ని పారేయవద్దు.

నా చిత్రం గుడి వేలంలో 600 డాలర్లకు పోయింది. ఆ 600 నావి కావా?

కావు. గుడికి 600 డాలర్లు వచ్చినా మీ మినహాయింపు రంగుల, గుడ్డ ఖర్చే. పాడుకున్నవారు కూడా 600 మొత్తాన్ని చూపలేరు. చిత్రం మార్కెట్ విలువ 350 డాలర్లు అయితే, దానికి మించి ఇచ్చిన 250 డాలర్లే వారి విరాళం.

వస్తువులు చేరవేయడానికి కారులో వెళ్లాను. పెట్రోలు ఖర్చు?

ధర్మసంస్థ పనిమీద నడిపిన ప్రతి మైలుకు 14 సెంట్లు చూపవచ్చు. లేదంటే నిజంగా అయిన పెట్రోలు, ఆయిలు ఖర్చు చూపవచ్చు. పార్కింగు, టోలు రుసుములు దానికి అదనం. వ్యాపార ప్రయాణాల రేటు ఏటా మారుతున్నా ఈ 14 సెంట్లు చట్టంలోనే రాసి ఉన్నందున దశాబ్దాలుగా కదలలేదు. తేదీ, వెళ్లిన చోటు, మైళ్లు అదే రోజున రాసుకోండి.

అన్నదానానికి ఇంట్లో పులిహోర కలిపి గుడికి తీసుకెళ్తాను. అది కూడా వస్తుందా?

గుడికి అర్హత ఉండి, మీకు ఆ ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వకపోతే, బియ్యం, చింతపండు, నూనె, వేరుశెనగ గుళ్లకు అయిన ఖర్చు చూపవచ్చు. వండిన సమయానికి విలువ లేదు. మీ ఇంటివారి భోజనానికి తీసుకున్న భాగాన్ని మినహాయించాలి.

నేను అల్లికలు ఆన్‌లైనులో అమ్ముతాను. కొన్నిటిని దానమిస్తే రెండు చోట్లా చూపవచ్చా?

ఒకే ఊలును రెండుసార్లు లెక్కించకూడదు. వ్యాపార ఖాతాలో ఆ ఊలును ఈ ఏడాది సరుకు ఖర్చుగా ఇప్పటికే చూపుతుంటే, దానం కోసం మీ ఖర్చు సున్నా అవుతుంది, ఇక షెడ్యూల్ ఏ లో రాయడానికేమీ ఉండదు. గత ఏడాది నిల్వలో ఉన్న సరుకును దానమిస్తే దాని ఖర్చును ప్రారంభ నిల్వలోంచి తీసివేసి దానంగా చూపాలి. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే చిన్న అమ్మకందారులకు వ్యాపార ఖాతాలో ఉంచడమే సాధారణంగా మేలు.

అమ్మ అల్లిన లేసు దుప్పటిని నేను దానమిస్తే?

అమ్మ మీకు బహుమతిగా ఇచ్చి ఉంటే, ఆమె దారానికి పెట్టిన ఖర్చే మీ ఖర్చు అవుతుంది, ఆమెకు వర్తించే పరిమితి మీకూ వర్తిస్తుంది. ఆమె మరణానంతరం వారసత్వంగా వచ్చి ఉంటే పరిస్థితి వేరు: ఆమె పోయిననాటి మార్కెట్ విలువే మీ ఖర్చుగా మారుతుంది. నరసాపురం ప్రాంతపు లేసుపని వచ్చిన తల్లుల దుప్పట్లు మ్యూజియానికో కళాశాలకో ఇవ్వాలనుకునే కుటుంబాలు ఈ తేడాను గమనించాలి. నిపుణుడితో విలువ కట్టించే ముందు మీ పన్ను సలహాదారుతో మాట్లాడండి.

నేను భారతదేశంలో పన్ను కడతాను. 80జి కింద వస్తువులకు మినహాయింపు ఉందా?

లేదు. విరాళాలకు మినహాయింపునిచ్చే 80జి సెక్షన్ 2026 మార్చి వరకు అమలులో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోనిది, అది డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాన్నే గుర్తించేది; 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో వచ్చిన 2025 చట్టంలోనూ నియమం ఇదే. అనాథాశ్రమానికి కుట్టిచ్చిన దుస్తులకు, వరద బాధితులకు పంపిన దుప్పట్లకు ముడిసరుకు ఖర్చు కూడా రాదు. నగదుగా ఇస్తే 2,000 రూపాయలకు మించిన విరాళం చెల్లదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి 80జి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవారికి ఒక దారి ఉంది: వస్తువులను మీరే అమ్మి, వచ్చిన డబ్బును బ్యాంకు ద్వారా 80జి గుర్తింపున్న సంస్థకు ఇచ్చి, విరాళ ధ్రువపత్రం తీసుకోవడం. అమ్మకపు లాభం మీ ఆదాయంలో చేరుతుందన్నది మరువకూడదు.

బ్రిటన్‌లో ఉన్నవారికి?

విరాళాలపై అక్కడి పన్ను రాయితీ పథకమైన గిఫ్ట్ ఎయిడ్ కూడా డబ్బుకే. అయితే మీ తరఫున ఏజెంటుగా ధర్మసంస్థ దుకాణం మీ వస్తువును అమ్మి, వచ్చిన మొత్తం ఎంతో మీకు తెలిపి, దాన్ని విరాళంగా ఇవ్వడానికి మీ అంగీకారం తీసుకుంటే, ఆ డబ్బుపై సంస్థ గిఫ్ట్ ఎయిడ్ కోరవచ్చు. ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు సంస్థకు చేరతాయి. దీనికి మీరు ఆ ఏడాది తగినంత పన్ను కట్టి ఉండాలి. వస్తువును దుకాణంలో అప్పగించే రోజునే గిఫ్ట్ ఎయిడ్ పత్రం అడిగి నింపండి.